విశాఖ పాత డీజిల్ ఇంజిన్ల నమూనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వాల్తేరు డివిజన్‌లో తిరిగిన పాత డీజిల్ లోకోలను చిన్న సైజులో చెయ్యాలనుకునేవాళ్ల కోసం ఇది. కత్తిరించడం, అతికించడం ఎలాగో ఇందులో పెద్దగా ఉండదు. చెయ్యబోయే ముందు ఏం వెతకాలి, ఎక్కడ వెతకాలి, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నదే ఎక్కువ.

నాకు డబ్ల్యూడీఎం-2 చెయ్యాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

డబ్ల్యూడీఎం-2 చెయ్యకండి. ఫలానా నంబరు డబ్ల్యూడీఎం-2ని, ఫలానా ఏడాదిలో ఎలా ఉందో అలా చెయ్యండి. ఈ తరగతి ఇంజిన్లు మన దేశంలో రెండున్నర వేలకు పైగా తిరిగాయి. మొదటివి 1962లో అమెరికా నుంచి, ఆల్కో కంపెనీ నుంచి వచ్చాయి. 1964 జనవరి నుంచి వారణాసిలో డీఎల్‌డబ్ల్యూ (రైల్వే వాళ్ల డీజిల్ ఇంజిన్ల కర్మాగారం) తయారుచెయ్యడం మొదలుపెట్టింది. ముప్పై, నలభై ఏళ్లు పనిచేసిన ఇంజిన్ ఓవర్‌హాల్‌కి వెళ్లిన ప్రతిసారీ కొంత మారుతుంది. బ్రేకులు మారతాయి, హెడ్‌లైటు మారుతుంది, జాలీలు మారతాయి, రంగు మారుతుంది. పది ఫొటోల్లోంచి పది ముక్కలు ఏరుకుని చేస్తే, పట్టాల మీద ఏనాడూ నడవని ఇంజిన్ తయారవుతుంది. నంబరు, ఏడాది కాగితం మీద రాసి బల్ల ముందు అంటించుకోండి. కింద ఏ ప్రశ్నకైనా జవాబు ఆ రెండింటి మీదే ఆధారపడుతుంది.

మన వైపు నప్పే ఇంజిన్లు ఏవి?

ముందుగా చెప్పాల్సింది డబ్ల్యూడీఎం-2 గురించే. 16 సిలిండర్ల ఆల్కో 251 ఇంజిన్, 2,600 హార్స్‌పవర్, 112.8 టన్నుల బరువు, ఆరు ఇరుసులు. విశాఖ డీజిల్ షెడ్ 1960ల నడిమిలో వచ్చింది. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం దించే కేకే (కొత్తవలస–కిరండూల్) లైను కూడా ఆ దశాబ్దంలోనే తెరుచుకుంది. శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు ఎక్కి, మళ్లీ కొత్తవలస వైపు దిగే ఘాట్ అది. అక్కడ ఒక్క ఇంజిన్ సరిపోదు. మూడేసి డబ్ల్యూడీఎం-2లు కట్టి లాగించేవారు. 1980ల ఆరంభంలో లైను విద్యుదీకరణ పూర్తయ్యాక ఆ దృశ్యం పోయింది. నన్నడిగితే విశాఖ మోడలర్‌కి ఇంతకు మించిన సబ్జెక్టు లేదు.

దానికి ముందు తరం డబ్ల్యూడీఎం-1. 1957-58లో వంద వచ్చాయి, అవీ ఆల్కోవే, 12 సిలిండర్లు. గుండ్రటి ముక్కు ఉంటుంది, క్యాబు ముందు వైపు మాత్రమే. తర్వాత కొన్నింటికి రెండో క్యాబు కూడా పెట్టారు. చూపుకి అందంగా ఉంటుంది, కానీ ఆ ముక్కు వంపుని ఫొటోల నుంచి రాబట్టడం కష్టం. మొదటి మోడల్‌గా దాని జోలికి పోవద్దని నా సలహా.

తర్వాతి తరంలో 3,100 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-3ఏ, గూడ్సు కోసం చేసిన డబ్ల్యూడీజీ-3ఏ ఉన్నాయి. వీటి ఫొటోలకు కొదవ లేదు. షంటింగ్‌కి, అంటే యార్డులో బోగీలను అటూఇటూ జరపడానికి, డబ్ల్యూడీఎస్-6 చిన్నగా, సులువుగా ఉంటుంది. పోర్టు యార్డు లాంటి లేఅవుట్ అనుకుంటే మంచి ఎంపిక.

పేరులోని అక్షరాలు, నంబర్లు చూసి ఏం తెలుసుకోవచ్చు?

డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, వై అంటే మీటర్‌గేజ్, జడ్ అంటే 762 మి.మీ. నారోగేజ్. తర్వాత డి అంటే డీజిల్. ఆ తర్వాత ఎం వస్తే ప్యాసింజరుకీ గూడ్సుకీ పనికొచ్చేది, జి గూడ్సుది, పి ప్యాసింజరుది, ఎస్ షంటింగ్‌ది. ఇంతవరకు అందరికీ తెలుసు.

చివర వచ్చే అక్షరాల దగ్గరే చాలామంది తడబడతారు. డబ్ల్యూడీఎం-2ఏ అంటే మొదట వాక్యూమ్ బ్రేకులతో పుట్టి, తర్వాత ఎయిర్ బ్రేకు కూడా పెట్టించుకున్నది. 2బీ అంటే పుట్టుకతోనే ఎయిర్ బ్రేకుతో వచ్చింది. పటియాలా రైల్వే కర్మాగారంలో మళ్లీ కట్టిన ఇంజిన్లకు చాలావాటికి పాత నంబరే ఉంచి పక్కన ఆర్ అక్షరం చేర్చారు. కాబట్టి ఒకే నంబరుతో రెండు ఫొటోలు దొరికాయని సంబరపడకండి. ఒకదాంట్లో 2,600 హార్స్‌పవర్ పాత రూపం, ఇంకోదాంట్లో 3,100 హార్స్‌పవర్ కొత్త రూపం ఉండొచ్చు.

ఫొటో దొరికింది కానీ తేదీ లేదు. ఏ కాలందో ఎలా పట్టుకోవాలి?

ఈ పనిలో అసలు మజా ఇక్కడే ఉంది. ఫొటోలో ఇంజిన్‌ని కాసేపు పక్కనపెట్టి, మిగతావన్నీ చూడండి.

మొదట జోన్ పేరు. వాల్తేరు డివిజన్ 2003 ఏప్రిల్ 1 దాకా ఆగ్నేయ రైల్వేలో ఉండేది, ఆ రోజు నుంచి తూర్పు కోస్తా రైల్వేలోకి వెళ్లింది. ఇంజిన్ పక్కన తూర్పు కోస్తా అక్షరాలు ఉంటే ఫొటో 2003 తర్వాతదే, అనుమానం లేదు. ఆగ్నేయ అక్షరాలు ఉంటే మాత్రం 2003కి ముందుదని తీర్మానించలేం, ఎందుకంటే జోన్ మారిన మర్నాడే అన్ని ఇంజిన్లకూ రంగు వెయ్యరు. ఓవర్‌హాల్‌కి వెళ్లేదాకా పాత పేరుతోనే తిరుగుతాయి. ఈ ఆధారం ఒకవైపే పనిచేస్తుంది.

రెండోది స్టేషన్ బోర్డు. వెనకాల వాల్తేరు అని కనిపిస్తే 1987కి ముందు మాట. ఆ ఏడాదే స్టేషన్ పేరు విశాఖపట్నంగా మారింది.

మూడోది బఫర్ బీమ్ (ఇంజిన్ చివర బఫర్లు బిగించిన అడ్డదూలం) కింద వేలాడే గొట్టాలు. వాక్యూమ్ బ్రేకు గొట్టం లావుగా, మడతలు మడతలుగా ఉంటుంది. ఎయిర్ బ్రేకు గొట్టాలు సన్నం, జతగా వస్తాయి. రెండు రకాలూ కనిపిస్తే డ్యూయల్ బ్రేకు ఇంజిన్. బఫర్ల మధ్య గొలుసు కప్లింగ్ ఉందా, పిడికిలిలా ఉండే సెంటర్ బఫర్ కప్లర్ ఉందా, రెండూ ఉన్నాయా అన్నది కూడా రాసుకోండి. ముందు పసుపు ఫ్లాషర్ లైటు ఉంటే మరీ పాత ఫొటో కాదు.

ఆ తర్వాత పైన కరెంటు తీగలున్నాయా అన్నది. కేకే లైను ఫొటోలో తీగల స్తంభాలు లేకపోతే 1980ల ఆరంభానికి ముందు. స్తంభాలు పాతి, తీగ ఇంకా వెయ్యని ఫొటో దొరికితే అదృష్టం, కాలం రెండు మూడేళ్లకు కుదించుకుపోతుంది.

వెనక బోగీల రంగు, ప్లాట్‌ఫాం మీద సినిమా పోస్టరు, స్కూటర్ల నంబరు ప్లేట్లు కూడా సాక్ష్యాలే. పోస్టరు మీద సినిమా పేరు చదవగలిగితే విడుదల తేదీ నిమిషంలో తేలిపోతుంది. కాగితం ఫొటో అయితే వెనక్కి తిప్పి చూడండి, స్టూడియో ముద్ర ఉండొచ్చు.

ఒక్క ఆధారంతో ఎప్పుడూ తేల్చెయ్యకండి. కనీసం రెండు ఒకేమాట చెప్పాలి.

డ్రాయింగులు ఎక్కడ దొరుకుతాయి?

లక్నోలోని ఆర్‌డీఎస్‌వో (రైల్వే పరిశోధన, డిజైన్ల సంస్థ) దగ్గర ఇంజిన్ల సాంకేతిక చిత్రాలు ఉంటాయి. బయటివాళ్లకు అన్నీ ఇవ్వరు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. అడిగే తీరు ముఖ్యం. 'డబ్ల్యూడీఎం-2 వివరాలన్నీ పంపండి' అని రాస్తే తిరస్కరించడానికి వాళ్లకు సులువు. 'జనరల్ అరేంజ్‌మెంట్ డయాగ్రం ఒక ప్రతి' అని పేరు పెట్టి అడగండి.

ఇంతకంటే సులువైన దారి పాత శిక్షణ పుస్తకాలు. డ్రైవర్లకు, ఫిట్టర్లకు ఇచ్చిన మాన్యువళ్లలో పక్క చిత్రం, ముందు చిత్రం, ముఖ్యమైన కొలతలు ఉంటాయి. కంచరపాలెం, మర్రిపాలెం వైపు రైల్వేలో రిటైరైనవాళ్ల ఇళ్ల అటకల మీద ఇవి ఇంకా ఉన్నాయి. ఇల్లు మారినప్పుడో, రంగులు వేయించినప్పుడో పాత కాగితాలవాడికి పోతున్నాయి కూడా. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో, ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రరీలోనో పాత పత్రికలు తిరగేస్తే కేకే లైను నాటి వార్తలు దొరకవచ్చు. డ్రాయింగులు మాత్రం అక్కడ ఆశించకండి.

అసలు ఇంజిన్‌ని కళ్లారా చూసి కొలవాలంటే ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంకి వెళ్లండి. ఆల్కో కట్టిన 18040 నంబరు డబ్ల్యూడీఎం-2 అక్కడిదే. అయితే మ్యూజియం ఇంజిన్‌కి వేసే రంగు ప్రదర్శన కోసం వేసింది. ఆకారం అక్కడ తీసుకోండి, రంగు తీసుకోకండి.

డబ్ల్యూడీఎం-2 కొలతలు ఎందుకు ఇంత వింతగా ఉన్నాయి? 1,092, 10,516, 17,120...

ఆల్కో వాళ్లు ఇంజిన్‌ని అడుగులు, అంగుళాల్లో గీశారు. మన దగ్గర మిల్లీమీటర్లలోకి మార్చి రాశారు. చక్రం వ్యాసం 1,092 మి.మీ. అంటే 43 అంగుళాలు. బఫర్ల చివర నుంచి చివరకు 17,120 అంటే 56 అడుగుల 2 అంగుళాలు. రెండు ట్రక్కుల (ఇంజిన్ కింద చక్రాలు బిగించిన చట్రాల) కేంద్రాల మధ్య 10,516 అంటే 34 అడుగుల 6 అంగుళాలు.

ఇది తెలిస్తే ఒక లాభం ఉంది. ఎక్కడైనా అనుమానం వచ్చే కొలత కనిపిస్తే 25.4తో భాగించండి. అంగుళం, అర అంగుళం, పావు అంగుళం దగ్గర తేలితే అది అసలు డ్రాయింగు నుంచి వచ్చిందని కొంత నమ్మవచ్చు. ఎటూ కాకుండా తేలితే ఎవరో టేపు పెట్టి కొలిచిందో, అచ్చుతప్పో అయి ఉండొచ్చు. మన దగ్గర తర్వాత చేర్చిన భాగాలకు మాత్రం ఈ చిట్కా పనిచెయ్యదు, అవి మిల్లీమీటర్లలోనే పుట్టాయి.

డ్రాయింగు లేదు. ఫొటో నుంచి కొలతలు తియ్యవచ్చా?

తియ్యవచ్చు. ఇంజిన్‌కి సరిగ్గా ఎదురుగా, వీలైనంత దూరం నుంచి, జూమ్‌తో తీసిన పక్క ఫొటో కావాలి. తెలిసిన కొలత ఒకటి పట్టుకోండి. హెడ్‌స్టాక్ (బఫర్లు బిగించే అడ్డదూలం) నుంచి హెడ్‌స్టాక్‌కి 15,862 మి.మీ. ఫొటోలో ఆ దూరం 3,966 పిక్సెళ్లు వచ్చిందనుకుందాం, ఒక్కో పిక్సెల్ 4 మి.మీ. అన్నమాట. 150 పిక్సెళ్ల తలుపు 600 మి.మీ.

ఇక్కడే ఒక మెలిక ఉంది. డబ్ల్యూడీఎం-2 హుడ్ (యంత్రాన్ని కప్పే పెట్టె) సన్నం, దానికి రెండు పక్కలా నడిచే దారి ఉంటుంది. ఆ తలుపు ఫ్రేము అంచుకంటే సుమారు అర మీటరు వెనక ఉంది. కెమెరా 20 మీటర్ల దూరంలో ఉంటే ఆ అర మీటరుకి రెండున్నర శాతం చిన్నగా కనిపిస్తుంది. తలుపు మీద తేడా తెలియదు. హెడ్‌స్టాక్ నుంచి హెడ్‌స్టాక్‌కి ఉన్న పొడవు మీద లెక్కేస్తే హెచ్‌వో స్కేలులో (1:87.1) నాలుగున్నర మిల్లీమీటర్లు, అంటే తలుపులన్నీ పక్కకు జరిగిపోతాయి. కాబట్టి ఏ కొలతతో పోలుస్తున్నారో, దేన్ని కొలుస్తున్నారో రెండూ ఒకే లోతులో ఉండేలా చూసుకోండి. లేదా ఆ శాతం కలుపుకోండి.

చక్రాన్ని కొలబద్దగా వాడొద్దు. 1,092 కొత్త చక్రానిది, అరిగేకొద్దీ తగ్గిపోతుంది. ముందు నుంచి తీసిన ఫొటో అయితే బఫర్ల కేంద్రాల మధ్య దూరం 1,956 మి.మీ., అది నమ్మకమైనది.

ట్రక్కుల దగ్గర ప్రత్యేకంగా చూడండి. మూడు ఇరుసుల్లో నడిమిది సరిగ్గా నడుమ ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. చాలా మోడళ్లలో కనిపించే తప్పు ఇదే, మూడింటినీ సమానంగా పెట్టేస్తారు. పాత ఇంజిన్లు తెలిసినవాళ్ల కన్ను మొదట అక్కడికే పోతుంది.

ఏ స్కేలు తీసుకోవాలి?

మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. ప్రపంచంలో చాలాచోట్ల ఉన్న 1,435 కంటే వెడల్పు. బజారులో దొరికే ట్రాకు ఆ 1,435 కోసం చేసింది. తంటా అంతా ఇక్కడే.

హెచ్‌వో అంటే 1:87.1. ఇందులో డబ్ల్యూడీఎం-2 పొడవు 196.6 మి.మీ., చక్రం పన్నెండున్నర. మన గేజు 19.2 మి.మీ. రావాలి, కానీ దొరికే ట్రాకు 16.5. ముందు నుంచి చూస్తే ఇంజిన్ కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. చాలామంది దీనికి రాజీపడతారు, ఎందుకంటే మోటార్లు, చక్రాలు, సిగ్నళ్లు అన్నీ ఈ స్కేలులోనే సులువుగా దొరుకుతాయి.

డబుల్ ఓ, అంటే 1:76.2లో ఇంజిన్ 224.7 మి.మీ., గేజు 22 రావాలి. ట్రాకు మళ్లీ అదే 16.5. ఇరుకు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

అంతగా ఎవరూ పట్టించుకోని దారి ఇంకొకటుంది, అడుగుకి 3 మి.మీ. స్కేలు, 1:101.6. దీన్లో 1,676 మి.మీ. గేజు సరిగ్గా 16.5 అవుతుంది. బజారు ట్రాకు, బజారు ఇరుసులు, మన గేజు, మూడూ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదురుతాయి. ఇంజిన్ పొడవు 168.5 మి.మీ., చక్రం 10.7. ఇబ్బంది ఏమిటంటే బాడీ, వ్యాగన్లు, మనుషులు అన్నీ మీరే చేసుకోవాలి. కానీ మన ఇంజిన్లకు రెడీమేడ్ సామాను ఏ స్కేలులోనూ పుష్కలంగా లేదు. ఎలాగూ బాడీ ప్రింట్ చెయ్యాల్సిందే అయినప్పుడు ఇదే తీసుకోవచ్చు కదా అని నా వాదన. నలుగురితో కలిసి నడపాలనుకుంటే మాత్రం మీ మిత్రులు ఏది వాడుతున్నారో అదే తీసుకోండి.

షెడ్‌లోకి వెళ్లి ఫొటోలు తీసుకోవచ్చా?

అనుమతి లేకుండా వద్దు. డివిజనల్ కార్యాలయానికి రాతపూర్వకంగా రాయండి. ఏ తేదీన, ఎంతమంది, ఎందుకు, ఏ ఇంజిన్ అన్నీ రాయండి. కాలేజీ విద్యార్థులైతే విభాగాధిపతి సంతకంతో వెళ్తే పని సులువు. విశాఖలో ఇంకో జాగ్రత్త కావాలి. పోర్టు, డాక్‌యార్డు, నేవీ స్థలాలు రైలు పట్టాలకు పక్కపక్కనే ఉంటాయి. అక్కడ వ్యాగన్ ఫొటో తీసినా వెనక ఏం పడుతోందో చూసుకోవాలి. డ్రోన్ మాట ఎత్తకండి.

అనుమతి వచ్చిందా, ముందు, పక్క రెండూ కనిపించేలా అందరూ తీసే ముప్పావు కోణం ఫొటోలు ఒకటి రెండు చాలు. ఎవరూ తియ్యనివి తియ్యండి. పైకప్పు, ఇంధన ట్యాంకు అడుగు, మెట్ల వెనక భాగం, ఇసుక పెట్టెల గొట్టాలు, రెండో వైపు. ఇంజిన్ కుడి పక్క, ఎడమ పక్క ఒకేలా ఉండవు. బిల్డరు ప్లేటు ఉంటే దగ్గరగా తీసుకోండి, కట్టిన ఏడాది, వరుస సంఖ్య అక్కడే ఉంటాయి. ప్రతి ఫొటోలో ఒక అడుగు స్కేలు పెట్టండి.

రిటైరైన డ్రైవర్లను, ఫిట్టర్లను ఏం అడగాలి?

నేరుగా 'అప్పట్లో ఏ రంగు ఉండేదండీ?' అని అడిగితే మంచి జవాబు రాదు. నలభై ఏళ్ల కిందటి రంగు ఎవరికి గుర్తుంటుంది? వాళ్ల చేతులకి గుర్తున్నది అడగండి. 'మాస్టారూ, డ్యూటీ ఎక్కేముందు ఏమేం చూసేవారు?' అంటే మాట దానంతటదే సాగుతుంది. ఏ తలుపు తెరిచేవారు, ఏ మెట్టు జారేది, ఇసుక ఎక్కడ నింపేవారు, అద్దం ఎటు జరిగేది, రాత్రిపూట నంబరు లైటు వెలిగేదా లేదా అన్నీ వస్తాయి. ఇవన్నీ మోడల్‌లో కనిపించే వివరాలే.

ఒక ఫొటో చేతికిచ్చి ఊరుకోండి. 'ఇది మా షెడ్‌ది కాదు బాబూ' అని వాళ్లంటే ఎందుకన్నారో అడగండి, ఆ కారణం ఏ పుస్తకంలోనూ ఉండదు. తేదీలు మాత్రం వాళ్ల జ్ఞాపకం మీద వదలొద్దు. 'మీ అమ్మాయి పెళ్లికి ముందా, తర్వాతా?' అని అడిగితే ఏడాది దగ్గరికొస్తుంది. పుస్తకాలు తీసుకుంటే ఇంటికెళ్లి స్కాన్ చేసి వారంలో తిరిగివ్వండి. అలా ఇవ్వకపోతే ఆ వీధిలో ఇంకెవరూ తలుపు తియ్యరు.

రంగు ఎలా తేల్చాలి?

పాత ఫిల్ము ఫొటోలు ఎర్రబారతాయి, వెలిసిపోతాయి. ఫొటోలో తెల్లగా ఉండాల్సింది ఏదైనా చూడండి, నంబరు అక్షరాలో, గార్డు యూనిఫామో. అది ఎంత రంగు తిరిగిందో ఇంజిన్ కూడా అంతే తిరిగి ఉంటుంది. ఆ మేరకు సరిచేసుకోండి. చిన్న మోడల్ మీద అసలు రంగు వేస్తే మరీ ముదురుగా కనిపిస్తుంది, కాస్త తెలుపో బూడిదరంగో కలపాలి.

కేకే లైను ఇంజిన్‌కి మురికి కూడా ఒక రంగే. ఖనిజం ధూళి ఎర్రటి గోధుమరంగులో ట్రక్కుల మీద, ఇంధన ట్యాంకు మీద, మెట్ల మూలల్లో పేరుకుంటుంది. పైకప్పు మీద పొగగొట్టం చుట్టూ మసి. హుడ్ పక్కన నూనె కారిన చారలు. చెయ్యి తరచూ పడే కడ్డీలు, తలుపు పిడులు మాత్రం మెరుస్తుంటాయి. మొత్తం ఒకేలా ఎర్రగా స్ప్రే చేసేస్తే తుప్పుపట్టిన ఇంజిన్‌లా తయారవుతుంది.

త్రీడీ ప్రింట్ చెయ్యనా, వేరే దేశపు మోడల్‌ని మార్చనా?

డబ్ల్యూడీఎం-1కి విదేశీ చుట్టాలున్నాయి. ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్ 44 క్లాస్ అదే ఆల్కో కుటుంబం, హెచ్‌వోలో దాని మోడళ్లు వచ్చాయి. ముక్కు వంపు అర్థం చేసుకోవడానికి అది చూడటం మంచిది. డబ్ల్యూడీఎం-2కి మాత్రం బాడీ ప్రింట్ చేసి, కింద ఏదైనా ఆరు ఇరుసుల మోటారు చట్రం పెట్టుకోవడం మేలు. హెచ్‌వోలో ట్రక్కుల కేంద్రాల మధ్య 120.7 మి.మీ. రావాలి, కొనేముందు అది కొలిచి చూడండి.

బాడీకి రెసిన్ ప్రింట్ బాగుంటుంది, గోడ మందం ఒక మిల్లీమీటరు పెట్టండి. చేతి కడ్డీలను ప్రింట్ చెయ్యకండి, తాకితే విరుగుతాయి. గిటారు తీగల్లో 0.016 అంగుళాలది 0.4 మి.మీ. వస్తుంది, ఉక్కు కాబట్టి వంగదు. ఇత్తడి భాగాలు పెడితే అదే రోజు ప్రైమర్ వేసెయ్యండి. మన సముద్రగాలికి నల్లబడటానికి ఎంతోసేపు పట్టదు.

శబ్దం పెట్టాలా?

పెడితే ఆల్కో 251 పదహారు సిలిండర్ల రికార్డింగే పెట్టండి, డీకోడర్లలో (మోడల్ లోపల పెట్టే ఎలక్ట్రానిక్ చిప్‌లలో) దొరుకుతుంది. వేరే కంపెనీ ఇంజిన్ శబ్దం పెడితే రైల్వే కాలనీలో పెరిగిన పిల్లవాడు కూడా పట్టేస్తాడు.

వెనక ఏం తగిలించాలి? లేఅవుట్ ఎలా ఉండాలి?

కేకే లైనుకైతే పొట్టి గోడల బీఓవై వ్యాగన్లు. ఇనుప ఖనిజం బరువెక్కువ, వ్యాగన్ నిండకముందే మోయగలిగే బరువు వచ్చేస్తుంది, అందుకే గోడలు పొట్టి. ఇంట్లో జాగా తక్కువైతే ఘాట్ పెట్టాలని చూడకండి. విశాఖ స్టేషనే పెట్టండి. హౌరా–చెన్నై దారిలో ఊళ్లోకి వచ్చిన బండి మళ్లీ వచ్చిన వైపుకే బయలుదేరాలి కాబట్టి, ఇంజిన్ విప్పి రెండో చివర తగిలించాలి. చిన్న బల్ల మీద కూడా చేతినిండా పని ఉంటుంది. 1977లో మొదలైన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఒక్కటి పెట్టుకున్నా సాయంత్రం గడిచిపోతుంది.

నారోగేజ్ చెయ్యవచ్చా?

నౌపడ–గుణుపురం లైను ఉంది, పర్లాకిమిడి లైట్ రైల్వేగా మొదలైంది. ఇప్పుడది బ్రాడ్‌గేజ్ అయిపోయింది, మీరు చెయ్యాల్సింది దాని పాత రూపం. అప్పటి గేజు 762 మి.మీ., హెచ్‌వో లెక్కలో 8.75 మి.మీ. వస్తుంది. బజారులో దొరికే 9 మి.మీ. ట్రాకు దాదాపు సరిపోతుంది. బ్రాడ్‌గేజ్ మోడలర్లకు లేని సుఖం ఇది.

నేను గీసిన ఫైళ్లు వేరేవాళ్లకు ఇవ్వవచ్చా?

ఇవ్వండి, కానీ ఫైలుతో పాటు ఒక కాగితం కూడా ఇవ్వండి. ఏ కొలత డ్రాయింగు నుంచి వచ్చింది, ఏది ఫొటో నుంచి తీశారు, ఏది ఊహించారు అన్నది మూడు రంగుల్లో గుర్తుపెట్టండి. ఊహించినవి లేకుండా ఎవరి మోడలూ ఉండదు. ఎక్కడ ఊహించారో చెప్పకపోతే తీసుకున్నవాడు దాన్నే నిజమనుకుని ఇంకొకరికి ఇస్తాడు. ఫొటోలు వేరేవాళ్లవైతే తీసినవాళ్లను అడక్కుండా పంచకండి. అమ్మకానికి పెడితే మాన్యువల్ ఇచ్చిన పెద్దాయనకు మొదటి ప్రింటు ఒకటి ఇచ్చిరండి. నంబరు ఆయన నడిపిన ఇంజిన్‌దే వెయ్యండి.